ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారుతో విమానాశ్రయానికి: వాలేకు అప్పగించాలా, మనమే పార్క్ చేయాలా, ఇంట్లోనే ఉంచాలా?

తిరుపతి నుంచి గానీ చిత్తూరు నుంచి గానీ విమానం ఎక్కదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది ఏ విమానాశ్రయానికి వెళ్ళాలన్నది. హైదరాబాదు వంటి దేశీయ ప్రయాణమైతే రేణిగుంట సరిపోతుంది. అది తిరుపతి నగరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికో, గల్ఫ్ దేశాలకో, సింగపూరుకో వెళ్ళేవారు చాలావరకు చెన్నై మీనంబాకానికో బెంగళూరు దేవనహళ్ళికో చేరుకోవలసి వస్తుంది. తిరుపతి నుంచి మొదటిది 150 కిలోమీటర్లకు కొంచెం తక్కువ, చిత్తూరు నుంచి రెండవది 180 కిలోమీటర్ల దరిదాపు. మామూలు పెట్రోలు కారు విషయంలో ఈ తేడా డబ్బుకు, సమయానికి సంబంధించినది మాత్రమే. పెట్రోలుతోనూ, ఇంట్లో ప్లగ్గుకు తగిలించి నింపుకునే బ్యాటరీతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ విషయంలో మాత్రం, కారు ఏ స్థితిలో పార్కింగుకు చేరుతుంది, తిరిగి వచ్చేసరికి ఏ స్థితిలో ఉంటుంది అన్న ప్రశ్నలు కూడా ఈ దూరంతోనే ముడిపడి ఉన్నాయి.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మూడు నాలుగు రోజుల్లో తిరిగి వచ్చేటట్లయితే వాలే పార్కింగ్‌కు, అంటే తాళం చెవి తీసుకుని కారును తామే నిలిపిపెట్టే సిబ్బందికి, ఇవ్వవచ్చు. వారం, పది రోజులైతే పైకప్పు ఉన్న చోట మనమే కారు నిలిపి, తాళం చెవి మనతో తీసుకువెళ్ళడం మేలు. రెండు వారాలు దాటితే కారును ఇంట్లోనే ఉంచి టాక్సీలోనో రైల్లోనో వెళ్ళాలి. ఎందుకో వివరిస్తాను, ఎందుకంటే కారును బట్టి, కాలాన్ని బట్టి ఈ హద్దులు కొంత అటూ ఇటూ జరుగుతాయి.

మీ కారు నిజంగా ఆ రకమేనా?

ఇన్నోవా హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ ఈ:హెచ్ఈవీ వంటి కార్లను మనవాళ్ళు హైబ్రిడ్ అనే పిలుస్తారు. కానీ వాటికి ఛార్జింగ్ ప్లగ్ ఉండదు, వాటిలోని చిన్న బ్యాటరీని ఇంజను, బ్రేకుల శక్తి నింపుతాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో అంతకంటే చాలా పెద్ద బ్యాటరీ ఉంటుంది, దానిని గోడ ప్లగ్గుకు తగిలించి నింపుకోవచ్చు, కొన్ని పదుల కిలోమీటర్లు పెట్రోలు అంటకుండా నడపవచ్చు. మన దేశంలో ఈ రకం ఎక్కువగా ఖరీదైన తరగతిలోనే వచ్చింది: వోల్వో ఎక్స్‌సీ90 టీ8, బీఎండబ్ల్యూ 745ఎల్ఈ, 2022 డిసెంబరులో వచ్చిన బీఎండబ్ల్యూ ఎక్స్ఎం వంటివి. కాబట్టి మన ప్రాంతపు డ్రైవర్లలో చాలామంది దీనిని ఎన్నడూ నడిపి ఉండరు. వాలే కౌంటరులో తాళం చెవి అందుకునే యువకుడి పరిస్థితీ అదే కావచ్చునని మనం అనుకోవాలి. ఛార్జింగ్ ప్లగ్ లేని హైబ్రిడ్ ఉన్నవారికి ఈ వ్యాసంలో పెద్ద బ్యాటరీ గురించి చెప్పినది అంతగా వర్తించదు గానీ, 12 వోల్టుల బ్యాటరీ గురించి, కారు కదలడానికి సిద్ధంగా ఉందని చూపే ‘రెడీ’ గుర్తు గురించి చెప్పినది పూర్తిగా వర్తిస్తుంది.

రెండు బ్యాటరీల కథ

చాలామంది భయపడేది పెద్ద బ్యాటరీ గురించి. నిజానికి కారును ఆపినప్పుడు దాని కనెక్షను లోపలి స్విచ్చులతో తెగిపోతుంది. పది పదిహేను రోజుల్లో అది తనంతట తాను తరిగేది చాలా తక్కువ. ముప్పు వచ్చేది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ నుంచి. తలుపు తాళాలు, అలారం, తాళం చెవి దగ్గరికి వచ్చిందా అని కనిపెట్టే యంత్రాంగం, ఫోన్ యాప్‌తో మాట్లాడే మోడెం, పార్కింగులో కూడా రికార్డు చేసే డాష్‌క్యామ్, ఇవన్నీ కారు నిద్రలో ఉన్నప్పుడు కూడా దాని నుంచే విద్యుత్తు తీసుకుంటాయి. పెద్ద బ్యాటరీని మళ్ళీ కలిపే స్విచ్చులను నడిపేదీ ఈ చిన్న బ్యాటరీయే. అందువల్ల అది అడుగంటితే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, ట్యాంకులో పెట్రోలు ఉన్నా, కారు కదలదు.

మంచి స్థితిలో ఉన్న చిన్న బ్యాటరీ సాధారణంగా రెండు వారాలు తట్టుకుంటుంది. రాయలసీమ ఎండల్లో మూడు నాలుగేళ్ళు నలిగిన బ్యాటరీకి ఆ భరోసా ఉండదు; ప్రయాణానికి వారం ముందే సర్వీసు సెంటరులో పరీక్ష చేయించుకోవాలి. ఇంకొక సంగతి. అనేక మోడళ్ళలో ఈ చిన్న బ్యాటరీ డిక్కీ అడుగున ఉంటుంది, డిక్కీ మూత తెరుచుకోవడానికి విద్యుత్తు కావాలి, వేరే బ్యాటరీ నుంచి విద్యుత్తు అందుకోవడానికి వాడే జంపర్ కేబుళ్ళను మనం పెట్టుకునేదీ ఆ డిక్కీలోనే. బ్యాటరీ పూర్తిగా పడిపోయిన రోజున తాళం చెవి లోపల దాగి ఉన్న చిన్న ఉక్కు చెవిని బయటికి లాగి డ్రైవరు తలుపు తెరిచినా, కేబుళ్ళు అందవు. బోనెట్ కింద జంపు కనెక్షను కోసం పాయింటు ఉన్నదీ లేనిదీ మాన్యువల్‌లో చూసి, కేబుళ్ళను ముందు సీటు కింద పెట్టుకోవడం మంచిది. ఉక్కు చెవితో తలుపు తెరవడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూసుకోవాలి. అర్ధరాత్రి పార్కింగులో నిలబడి మొదటిసారి ప్రయత్నించే పని కాదది.

కారు క్షేమంగా ఉందా అని రోజుకు నాలుగుసార్లు ఫోన్ యాప్ తెరిచి చూసే అలవాటు కూడా చేటే. చాలా కార్లలో యాప్ అడిగిన ప్రతిసారీ కారు నిద్ర లేచి, చిన్న బ్యాటరీని వాడుకుని సమాధానం పంపుతుంది.

పెద్ద బ్యాటరీకి వేరే జాగ్రత్త ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఉండి, వేడిలో చాలా రోజులు కదలకుండా ఉంటే దాని సామర్థ్యం త్వరగా తరిగిపోతుంది. పూర్తిగా ఖాళీగా వదలడమూ మంచిది కాదు. కొన్ని ప్లగ్-ఇన్ కార్లలో ఇంజనును తిప్పేది కూడా ఈ బ్యాటరీయే. దాదాపు సగం నిండి ఉండటం వదిలి వెళ్ళడానికి అనువైన స్థితి. మన ప్రాంతపు దూరాల సంగతి ఇక్కడే తేలుతుంది. రాత్రంతా ఇంట్లో ఛార్జ్ చేసి తెల్లవారి రేణిగుంటకు వెళితే, 15 కిలోమీటర్లకు ఖర్చయ్యేది కొంచెమే. కారు దాదాపు నిండు బ్యాటరీతో మే నెల ఎండలో నిలబడుతుంది. అదే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మీనంబాకం వెళితే, బ్యాటరీ తిరుత్తణి చేరే లోపే అయిపోయి, పార్కింగులోకి ఖాళీగా ప్రవేశిస్తుంది. కాబట్టి రేణిగుంటకు వెళ్ళేవారు ముందు రాత్రి నిండుగా ఛార్జ్ చేయకూడదు. చెన్నైకో బెంగళూరుకో వెళ్ళేవారు బయలుదేరిన కొద్దిసేపటికే, బ్యాటరీ సగానికి వచ్చినప్పుడు, ‘హోల్డ్’ లేదా ‘సేవ్’ అనే మోడ్‌ను ఎంచుకుని మిగతా దూరం ఇంజనుతో నడపాలి. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్యాటరీ సూచిక పైకి పాకడం గమనించినవారికి ఇంకొకటి చెప్పనక్కరలేదు: బెంగళూరు నుంచి తిరిగి వస్తూ పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు అదే జరుగుతుంది, దానికి బ్యాటరీలో కొంత చోటు మిగిల్చి ఉంచడం లాభం.

వాలే: సౌకర్యం ఎంత, ప్రమాదం ఎక్కడ

వృద్ధులైన తల్లిదండ్రులు, నాలుగైదు పెట్టెలు, తెల్లవారుజామున విమానం. ఇవన్నీ కలిసి వచ్చినప్పుడు టెర్మినల్ గుమ్మం ముందే దిగి తాళం చెవి ఇచ్చి వెళ్ళిపోవడం కంటే సుఖం లేదు. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. కానీ కారు చివరికి ఎక్కడ నిలుస్తుందో, ఎన్నిసార్లు కదులుతుందో మనకు తెలియదు. వాలే స్థలాల్లో కార్లను ఒకదాని వెనక ఒకటి ఇరికించి, వెనకది తీయడానికి ముందుదాన్ని జరపడం మామూలు. ప్రతిసారీ తలుపు తెరవడం, తెర వెలగడం, చిన్న బ్యాటరీ మీద భారం పడటం జరుగుతాయి.

అన్నింటికంటే పెద్ద సమస్య నిశ్శబ్దం. ఒక పెద్ద విమానాశ్రయంలో నేను దగ్గరుండి చూశాను: డ్రైవరు కారును వరుసలో పెట్టి ‘పి’ మీట నొక్కాడు, ఇంజను చప్పుడు లేదు కాబట్టి కారు ఆగిపోయిందనే అనుకున్నాడు, తాళం చెవి జేబులో పెట్టుకుని దిగగానే కారు రెండు మూడుసార్లు కీచుమంది, అతను తలుపు ఇంకొంచెం గట్టిగా వేసి వెళ్ళిపోయాడు. అద్దంలోంచి చూస్తే మీటర్ల పక్కన ఆకుపచ్చ ‘రెడీ’ గుర్తు వెలుగుతూనే ఉంది, ఏసీ ఫ్యాను తిరుగుతూనే ఉంది. పిలిచి చూపిస్తే అతను నిజాయితీగా ఆశ్చర్యపోయాడు. అతని తప్పు కంటే, అతనికి ఎవరూ చెప్పకపోవడమే ఇందులో పెద్ద లోపం.

అలా వదిలేసిన కారులో పెద్ద బ్యాటరీ కొంత తరిగాక ఇంజను తనంతట తానే మొదలవుతుంది. ఆరుబయట అయితే పెట్రోలు వృథా అవుతుంది; గాలి ఆడని సెల్లార్‌లో అయితే విషవాయువు నిండుతుంది. కొన్ని కార్లు కొంతసేపటి తరువాత తామే ఆగిపోతాయి, అన్నీ ఆగవు. అందుకని వాలేకు ఇచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, ‘రెడీ’ గుర్తు ఎక్కడ ఉందో, అది ఆరిపోయిందని ఎలా తెలుస్తుందో డ్రైవరుకు స్వయంగా చూపించాలి. ఒక చిన్న చీటీ రాసి స్టీరింగుకు తగిలించడం ఇంకా మంచిది. చెన్నైలో తమిళంలో, బెంగళూరులో కన్నడంలో. చిత్తూరు జిల్లావాళ్ళకు ఈ రెండు భాషల్లో రెండు వాక్యాలు రాసిపెట్టేవారు ఇంట్లోనో పక్కింట్లోనో ఉండకపోరు.

‘మేమే ఛార్జ్ చేసి ఇస్తాము’ అని కౌంటరులో చెబితే వెంటనే సంతోషపడవద్దు. చాలా ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు డీసీ ఫాస్ట్ ఛార్జరును తీసుకోవు. వాటికి నెమ్మదిగా నింపే టైప్ 2 ఏసీ పాయింటు కావాలి. అది ఉన్నా, వచ్చిన రోజే తగిలిస్తే నాలుగైదు గంటల్లో నిండిపోయి, మిగిలిన రోజులన్నీ నిండు బ్యాటరీతో వేడిలో ఉంటుంది. తిరిగి వచ్చే రోజు ఉదయం తగిలించమని అడగాలి. కుదరదంటే ఛార్జింగు అసలే వద్దనాలి. డిక్కీలోని మన సొంత కేబులును ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తామంటే ఒప్పుకోకూడదు. గంటల తరబడి ఎక్కువ కరెంటు లాగే ఈ కేబులుకు సరైన ఎర్తింగు ఉన్న 15 ఆంపియర్ల సాకెట్టు తప్పనిసరి. నన్నడిగితే ఆ కేబులును ఇంట్లోనే వదిలి రావాలి. ట్యాంకులో సగం పెట్రోలు ఉంటే దానితో అవసరమే రాదు.

కారులో వాలే మోడ్, అంటే మన సొంత వివరాలను ఇతరులకు కనబడకుండా దాచే ఏర్పాటు, ఉంటే దానిని వాడండి. లేకపోతే నావిగేషన్‌లోంచి ఇంటి చిరునామాను, మన ఫోను నుంచి కారులోకి చేరిన పేర్ల జాబితాను తొలగించండి. తాళపు గుత్తిలోంచి ఇంటి తాళం చెవులను విడదీయండి. ఫాస్టాగ్ సందేశాలు వచ్చే ఫోన్ నంబరు విదేశంలో పని చేయకపోతే, ఇంట్లో ఉన్నవారి నంబరును నమోదు చేయించండి; మనం లేనప్పుడు కారు ఏదైనా టోల్‌గేటు దాటితే వెంటనే తెలుస్తుంది.

చట్టం మాత్రం వాలే వైపు మొగ్గుతుంది

ఇంతవరకూ వాలే మీద సందేహాలే చెప్పాను. ఒక విషయంలో మాత్రం అది మనకు బలమైన రక్షణ ఇస్తుంది. ఢిల్లీలో 1998లో ఒక హోటలు వాలేకు ఇచ్చిన మారుతి జెన్ కారు దొంగతనానికి గురైంది. ఆ వివాదంలో సుప్రీంకోర్టు 2019 నవంబరు 14న, తాజ్ మహల్ హోటల్, యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య కేసులో తీర్పు ఇచ్చింది. తాళం చెవిని అందుకుని కారును తన అధీనంలోకి తీసుకున్నాక, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అది బెయిల్‌మెంటు (తిరిగి ఇవ్వాలన్న షరతుతో వస్తువును అప్పగించడం) అవుతుందని, కారును జాగ్రత్తగా చూసి తిరిగి అప్పగించే బాధ్యత తీసుకున్నవారిదేనని, నిర్లక్ష్యం జరిగితే ‘యజమాని బాధ్యత మీదనే’ అని రశీదు మీద అచ్చువేసుకున్నంత మాత్రాన తప్పించుకోలేరని కోర్టు తేల్చింది. ఇది హోటలు గురించి ఇచ్చిన తీర్పే అయినా, తాళం చెవి అప్పగించిన ఇతర చోట్ల కూడా వాదించడానికి ఆధారంగా నిలబడుతుంది. మనమే పార్క్ చేసి, తాళం చెవి మనమే తీసుకుపోయినప్పుడు ఈ వాదన అంత సులభంగా నిలవదు, ఎందుకంటే అక్కడ మనం తీసుకున్నది చాలావరకు స్థలం మాత్రమే.

కాబట్టి వాలే రశీదును పారవేయకూడదు. అప్పగించేటప్పుడు కారు నాలుగు వైపులా, మీటరు మీది కిలోమీటర్లు, బ్యాటరీ శాతం, పెట్రోలు ముల్లు కనిపించేటట్టు ఫోటోలు తీసి, రశీదు ఫోటోతో పాటు ఇంట్లో ఉన్న ఒకరికి పంపాలి.

మనమే పార్క్ చేస్తే

వారం, పది రోజుల ప్రయాణానికి నేను దీనినే ఎంచుకుంటాను. ‘రెడీ’ గుర్తు ఆరిందని మన కళ్ళతో చూస్తాము. తాళం వేసిన చప్పుడు మన చెవులతో వింటాము. మనం తిరిగి వచ్చేవరకు కారు నిద్రను ఎవరూ చెడగొట్టరు. చెన్నైలో 2022 డిసెంబరులో బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం మొదలైన తరువాత నీడ దొరకడం సులభమైంది. నష్టమల్లా నడక, పెట్టెలు మోయడం. కుటుంబాన్ని టెర్మినల్ ముందు దించి ఒకరు కారు పెట్టి రావడానికి అరగంట అదనంగా లెక్కవేసుకోవాలి.

అంతస్తు ఎంపికలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ప్రత్యేకంగా ఆలోచించాలి. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు రన్‌వే మీదికి నీరు చేరి రాకపోకలు ఆగాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులై పారాయి. ప్లగ్-ఇన్ కార్లలో పెద్ద బ్యాటరీ సాధారణంగా కారు నేల భాగంలో అమర్చి ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో సెల్లార్‌లో, నేల అంతస్తులో పెట్టకూడదు. లిఫ్టుకు దూరమైనా రెండవ, మూడవ అంతస్తుకు వెళ్ళాలి. వాలేకు ఇస్తే ఈ ఎంపిక మన చేతిలో ఉండదు, ఆ మూడు నెలల్లో వాలేకు వ్యతిరేకంగా నేను చెప్పే ప్రధాన కారణం ఇదే. ఒకవేళ కారు నీటిలో నిలిచిందని తెలిస్తే స్టార్ట్ బటన్ నొక్కవద్దు, ఛార్జరు తగిలించవద్దు. సర్వీసు సెంటరువారిని పిలిపించాలి. వరద నష్టం సమగ్ర బీమాలో ఉంటుంది గానీ, నీరు చేరిన ఇంజనును తిప్పడం వల్ల కలిగే నష్టానికి ఇంజను రక్షణ అనే అదనపు కవరు తీసుకుని ఉండకపోతే బీమా సంస్థ సాధారణంగా ఒప్పుకోదు. బ్యాటరీకి, పోయిన తాళం చెవికి కూడా ఇటువంటి కవర్లు ఉన్నాయి. విమానం టికెట్టు తీసుకున్న రోజే పాలసీ కాగితం ఒకసారి చదవండి.

ఇంట్లోనే ఉంచడం

మనవరాలినో మనవడినో చూసుకోవడానికి ఆరు నెలలు అమెరికా వెళ్ళే దంపతులకు ఇంకొక ఆలోచన అక్కరలేదు. తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌కు, అక్కడి నుంచి మెట్రోలో నేరుగా విమానాశ్రయానికి చేరవచ్చు. సామాను ఎక్కువైతే రానుపోను టాక్సీ మాట్లాడుకోవచ్చు. పార్కింగు రుసుము రోజుల లెక్కన పెరుగుతుంది, టాక్సీ ఖర్చు పెరగదు కాబట్టి, ఆ రెండు మొత్తాలు ఎన్నవ రోజున సమానమవుతాయో కాగితం మీద వేసుకుంటే నిర్ణయం సులభమవుతుంది.

ఇంట్లో ఉన్న కారుకు కూడా సేవ కావాలి. పెద్ద బ్యాటరీని సగం దగ్గర ఆపి, కేబులు తీసివేసి, చిన్న బ్యాటరీకి తక్కువ కరెంటుతో నింపే ఛార్జరు తగిలించవచ్చు. లేదా నమ్మకమైన బంధువు పది రోజులకొకసారి వచ్చి కారును ‘రెడీ’లో అరగంట ఉంచితే, పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి విద్యుత్తు చేరుతుంది. ఆ అరగంటలో ఇంజను తనంతట తాను మొదలు కావచ్చు కనుక గ్యారేజీ తలుపులు బార్లా తెరిచి ఉంచమని చెప్పాలి. ఎలుకల బెడదను తేలికగా తీసుకోకండి. బోనెట్ కింద నారింజ రంగు తొడుగుతో కనిపించే తీగల్లో ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది. వాటిని ఎలుక కొరికిందని అనుమానం వస్తే వీధి చివరి మెకానిక్‌కు చూపించకుండా కంపెనీ సర్వీసు సెంటరుకే చెప్పాలి.

కారును తిరిగి తీసుకునేటప్పుడు

వాలే నుంచి కారు వచ్చినప్పుడు, రశీదు మీద సంతకం చేయకముందే, వెళ్ళేటప్పుడు తీసిన ఫోటోలతో కిలోమీటర్లను, పెట్రోలును, గీతలను పోల్చి చూడండి. తేడా కనిపిస్తే ఆ మాట రశీదు మీదనే రాయించండి. గేటు దాటిన తరువాత చెప్పే ఫిర్యాదుకు బలం తగ్గుతుంది. ‘రెడీ’ గుర్తు వెలిగి, 12 వోల్టుల హెచ్చరిక ఏదీ లేకపోతే బయలుదేరవచ్చు. మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమని వినిపిస్తే అది డిస్కుల మీద పట్టిన పలుచని తుప్పు. కొద్ది దూరంలోనే పోతుంది. పోకపోతే, లేదా కారు ఒక పక్కకు లాగుతుంటే, ముందుకు పోకుండా అక్కడే సహాయం పిలవండి. ఈ కార్లలో చాలావాటికి బ్యాటరీ చోటు ఆక్రమించడం వల్ల స్టెప్నీ ఉండదు. టైర్లలో గాలి కూడా అక్కడే చూసుకున్న తరువాతే హైవే ఎక్కండి.